ఎత్తుపల్లాల విజ్ఞానం

పాఠ్యభాగ ఉద్దేశం

విజ్ఞానశాస్త్ర విషయాన్ని తెలుగులో వివరించే వ్యాసాన్ని చదివి అవగాహన చేసుకోవడం, వినోద సాధనాల వెనుక పనిచేసే ప్రకృతి నియమాలను గుర్తించడం, ప్రాణరక్షణలో గణితానికీ మానవ బాధ్యతకూ ఉన్న సంబంధాన్ని గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ

ఈ పాఠం వైజ్ఞానిక వ్యాస ప్రక్రియకు చెందినది. శాస్త్ర విషయాన్ని నిర్దుష్టంగా, క్రమబద్ధంగా, సామాన్య పాఠకునికి కూడా బోధపడేటట్లు చెప్పడం ఈ ప్రక్రియ లక్షణం.

పాఠ్యభాగం

మనిషి వదిలించుకోవాలని కోరుకునే భావాలలో భయం మొదటిది. అయినా భరతుడు నాట్యశాస్త్రంలో పేర్కొన్న ఎనిమిది రసాలలో భయానకానికి చోటు దక్కింది. దానికి స్థాయీభావం భయమే. నిజజీవితంలో దేనిని చూసి పారిపోతాడో దానినే మనిషి నాటకశాలలో ఆసక్తితో తిలకిస్తాడు. అక్కడి ప్రమాదం తనది కాదనే నమ్మకం ఆ భయాన్ని ఆస్వాదయోగ్యం చేస్తుంది.

ఆధునిక కాలంలో ఒక యంత్రం కూడా ఇదే పని చేస్తున్నది. ఎత్తుగా లేచి, నిలువుగా కూలి, మెలికలు తిరిగి, తలకిందులై మళ్లీ బయలుదేరిన చోటికే చేరే ఉక్కుపట్టాల బాట అది. దాని పేరు రోలర్ కోస్టర్. ఇక్కడ ప్రేక్షకుడు దూరంగా కూర్చోడు. భయాన్ని తన శరీరంతోనే అనుభవిస్తాడు. రెండు మూడు నిమిషాలలో గుండె గొంతులోకి వచ్చినంత పని అవుతుంది. దిగిన తరవాత నవ్వుతూ మళ్లీ వరుసలో నిలుచుంటాడు. ప్రాణాపాయం లేదనే అతని నమ్మకం ఏ ఆధారం మీద నిలిచి ఉంది? ఈ ప్రశ్నకు సమాధానం భౌతికశాస్త్రంలో ఉంది. ఆ శాస్త్రాన్ని అమలుచేసే మనుషులలో కూడా ఉంది.

మంచు వాలు నుంచి పట్టాల మీదికి

ఈ వినోదానికి మూలం రష్యాదేశపు శీతకాలం. పద్దెనిమిదో శతాబ్దంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ పరిసరాలలో కొయ్యదూలాలతో ఎత్తైన వాలు కట్టడాలను నిర్మించేవారు. వాలు మీద నీరు పోస్తే చలికి అది గడ్డకట్టి అద్దంలా నునుపెక్కేది. వెనుక మెట్లెక్కి పైకి చేరి, చిన్న స్లెడ్జి బండి మీద కూర్చుని జారడం అక్కడి ప్రజలకు మహోత్సాహం కలిగించే క్రీడ. 1817లో పారిస్ నగరంలో ఈ వాలుకు చక్రాలూ గాడులూ అమర్చారు. మంచు లేకున్నా జారే వీలు కలిగింది. నేటికీ ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ భాషలలో ఈ సాధనాన్ని ‘రష్యా కొండలు’ అనే అర్థం వచ్చే పేర్లతో పిలుస్తారు. విచిత్రమేమంటే, రష్యన్లు మాత్రం వాటిని ‘అమెరికా కొండలు’ అంటారు.

ఆ పేరుకూ కారణం ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, మాక్ చంక్ అనే ఊరి దగ్గర 1827లో గనుల నుంచి బొగ్గు దింపడానికి ఒక రైలు మార్గం వేశారు. నిండు బండ్లు ఏ ఇంజనూ లేకుండా కేవలం వాలు వల్లనే కిందికి దొర్లేవి. ఖాళీ బండ్లను కంచరగాడిదలు పైకి లాగేవి. బొగ్గుతో పాటు ఆ కంచరగాడిదలు కూడా బండ్లెక్కి కిందికి వచ్చేవి. కాలక్రమంలో ఆ ప్రయాణం కోసమే జనం డబ్బిచ్చి రావడం మొదలుపెట్టారు. 1884లో లామార్కస్ థాంప్సన్ అనే వ్యక్తి న్యూయార్క్ సమీపంలోని కోనీ ఐలాండ్‌లో వినోదం కోసమే ఒక పట్టాల బాటను ప్రారంభించాడు. దాని వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లు. అంటే సైకిలు వేగం కంటె తక్కువ. ఐనా ఐదు సెంట్ల రుసుము చెల్లించి జనం బారులు తీరారు. వారిని ఆకర్షించింది వేగం కంటె ముఖ్యంగా పడిపోతున్నామనే అనుభూతి.

ఎత్తు అనే మూలధనం

రోలర్ కోస్టర్ రైలుకు ఇంజను ఉండదు. ఈ ఒక్క విషయం గ్రహిస్తే తక్కిన శాస్త్రమంతా సులభమవుతుంది. సాధారణంగా ఒక మోటారు, గొలుసు సహాయంతో రైలును మొదటి శిఖరం మీదికి ఎక్కిస్తుంది. అక్కడితో మోటారు పని ముగుస్తుంది. తక్కిన ప్రయాణమంతా ఆ ఎత్తు సమకూర్చిన శక్తితోనే సాగుతుంది.

పైకి చేరిన వస్తువులో దాని స్థానం కారణంగా నిలవ ఉండే శక్తిని స్థితిజ శక్తి అంటారు. కదిలే వస్తువుకు చలనం కారణంగా ఉండే శక్తి గతిజ శక్తి. రైలు కిందికి దిగుతున్నకొద్దీ స్థితిజ శక్తి తరిగి గతిజ శక్తి పెరుగుతుంది. మళ్లీ ఎక్కుతున్నప్పుడు గతిజ శక్తి తరిగి స్థితిజ శక్తి పెరుగుతుంది. శక్తి నశించదు, రూపం మార్చుకుంటుంది. దీనినే శక్తి నిత్యత్వ నియమం అంటారు. అట్లతద్దినాడు ఉయ్యాల ఊగే ఆడపిల్లలకు ఈ నియమం అనుభవైకవేద్యం. ఉయ్యాల రెండు కొసలకూ చేరినప్పుడు క్షణకాలం ఆగుతుంది. నడుమ, నేలకు దగ్గరగా వచ్చినప్పుడు అత్యంత వేగంగా సాగుతుంది. రోలర్ కోస్టర్ కూడా తాళ్లు లేని ఒక పెద్ద ఉయ్యాలే.

దీనిని లెక్కలో చూడవచ్చు. గురుత్వ త్వరణాన్ని సులువు కోసం సెకనుకు సెకనుకు 10 మీటర్లుగా తీసుకుందాం. ఎత్తును ఆ త్వరణంతోనూ, 2తోనూ గుణించి వర్గమూలం తీస్తే దిగువన ఉండే వేగం వస్తుంది. 45 మీటర్ల ఎత్తు నుంచి దిగిన రైలు వేగం సెకనుకు 30 మీటర్లు, అంటే గంటకు 108 కిలోమీటర్లు. ఎత్తు 20 మీటర్లే అయితే వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. అదే 80 మీటర్లయితే సెకనుకు 40 మీటర్లు. ఎత్తు నాలుగింతలైతే వేగం రెండింతలే అవుతున్నది. వేగాన్ని రెట్టింపు చేయదలచిన నిర్మాత నాలుగింతల ఎత్తు కట్టవలసి ఉంటుంది.

ఈ లెక్కలో రైలు ద్రవ్యరాశి ఎక్కడా కనిపించదు. బరువైన రైలును కిందికి లాగే బలం ఎక్కువ. కాని దాన్ని కదిలించడానికి కావలసిన బలం కూడా అంతే నిష్పత్తిలో ఎక్కువ. రెండూ సరిపోతాయి. కాబట్టి నిండు రైలూ ఖాళీ రైలూ ఒకే వేగంతో దిగాలి. ఐతే ఈ మాట గాలీ ఘర్షణా లేనప్పుడే సంపూర్ణ సత్యం. ఈ చిన్న షరతు ఎంత పెద్దదో ఈ పాఠం చివరలో తెలుస్తుంది.

ఒక కొండ తరవాత మరొక కొండ

శక్తి నశించకపోతే రైలు ఎంత ఎత్తు నుంచి దిగిందో అంత ఎత్తుకూ మళ్లీ ఎక్కాలి కదా! వాస్తవంలో అలా జరగదు. చక్రాలకూ పట్టాలకూ మధ్య, ఇరుసుల లోపల ఘర్షణ ఉంటుంది. ఎదురుగాలి అడ్డుతగులుతుంది. వీటివల్ల శక్తిలో కొంత భాగం వేడిగానూ ధ్వనిగానూ మారిపోతుంది. అది పోయిన శక్తి కాదు. కాని రైలుకు మళ్లీ పనికిరాని శక్తి. అందువల్లనే గొలుసుతో ఎక్కించే రోలర్ కోస్టర్‌లో మొదటి శిఖరమే అత్యున్నత స్థానం. తరవాతి శిఖరాలు దానికంటె తక్కువ ఎత్తులో ఉంటాయి. ఒక్కసారి అందుకున్న మూలధనాన్ని ఖర్చు చేసుకుంటూ ప్రయాణం ముగించవలసిన గృహస్థు వంటిది ఈ రైలు.

కొన్ని ఆధునిక నిర్మాణాలలో గొలుసుకు బదులు రైలును నేలమీదనే ఒక్క ఊపులో ముందుకు విసురుతారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 2005లో ప్రారంభమైన ‘కింగ్డా కా’ అటువంటిది. అది రైలుకు సుమారు 3.5 సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగాన్ని ఇచ్చేది. ఆ వేగానికి లెక్క ప్రకారం దాదాపు 167 మీటర్ల ఎత్తు ఎక్కగల శక్తి ఉంటుంది. దాని శిఖరం ఎత్తు 139 మీటర్లు. మిగిలిన తేడా ఘర్షణకూ గాలికీ, శిఖరాన్ని దాటే కదలికకూ ఖర్చయ్యేది. ఎప్పుడైనా ఊపు కొంచెం తక్కువైతే రైలు శిఖరాన్ని దాటలేక వచ్చిన దారినే వెనక్కి జారేది. నిర్మాతలు దీనిని ముందే ఊహించి, వెనక్కి వచ్చిన రైలును ఆపడానికి పట్టాల మధ్య అయస్కాంతపు బ్రేకులను అమర్చారు. 2024లో మూతపడిన ఆ నిర్మాణాన్ని 2025లో కూల్చివేశారు.

బరువు మాయమయ్యే చోటు

శిఖరాన్ని దాటేటప్పుడు పొట్టలో ఏదో తేలిపోయినట్లు అనిపిస్తుంది. దీనికి కారణం తెలియాలంటే ముందుగా బరువు అనే అనుభూతిని అర్థం చేసుకోవాలి. మనిషి భూమ్యాకర్షణను నేరుగా అనుభవించలేడు. కుర్చీ గాని నేల గాని తనను పైకి నెడుతున్న బలమే అతనికి తన బరువుగా తోస్తుంది. ఆ నెట్టే బలం తగ్గితే తేలికైనట్లు, పెరిగితే బరువెక్కినట్లు అనుభూతి కలుగుతుంది. భూమ్యాకర్షణ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.

వంపు తిరిగే వస్తువును ఆ వంపు కేంద్రం వైపు లాగే బలం ఒకటి కావాలి. దానిని అభికేంద్ర బలం అంటారు. వేగం పెరిగినకొద్దీ, వంపు ఇరుకైనకొద్దీ ఈ బలం ఎక్కువగా కావాలి. వేగం రెట్టింపైతే నాలుగింతల బలం కావాలి. కొండ శిఖరం మీద వంపు కేంద్రం కిందివైపు ఉంటుంది. అక్కడ అవసరమైన బలాన్ని భూమ్యాకర్షణే సమకూరుస్తుంది. ఆ మేరకు కుర్చీ నెట్టడం తగ్గుతుంది.

ఇందాకటి రైలునే తీసుకుందాం. 45 మీటర్ల శిఖరం నుంచి దిగి, 25 మీటర్ల ఎత్తున్న రెండో శిఖరాన్ని దాటుతున్నది. ఘర్షణను వదిలేస్తే అక్కడ దాని వేగం సెకనుకు 20 మీటర్లు. శిఖరం వంపు వ్యాసార్ధం 40 మీటర్లు ఉంటే భూమ్యాకర్షణ మొత్తం ఆ మలుపుకే సరిపోతుంది. కుర్చీ నెట్టవలసిన పని ఉండదు. ఆ క్షణంలో ప్రయాణికుడు భారరహితుడు. విసిరిన రాయి ఏ పరావలయ మార్గంలో పోతుందో అతడూ ఆ మార్గంలోనే పోతున్నాడు. పట్టా అతని కింద అదే వంపుతో పరుచుకుని ఉంది, అంతే. అతని జీర్ణకోశం, పేగులు కూడా తమను మోసే ఆధారాలమీద ఆనకుండా తేలుతాయి. పొట్టలో కలిగే వింత అనుభూతి అదే.

లోయలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. అక్కడ వంపు కేంద్రం పైన ఉంటుంది. కుర్చీ ప్రయాణికుని బరువును మోయడమే కాక, అతనిని పైకి మళ్లించవలసి కూడా ఉంటుంది. నేలమట్టం దగ్గర రైలు వేగం సెకనుకు 30 మీటర్లు, వంపు వ్యాసార్ధం 45 మీటర్లు అయితే, కుర్చీ మీద పడే ఒత్తిడి మామూలు బరువుకు మూడింతలు. 60 కిలోల విద్యార్థికి తాను 180 కిలోలు ఉన్నట్లు అనిపిస్తుంది. చేయి ఎత్తడం కూడా కష్టమవుతుంది.

రైలులో కూర్చునే చోటును బట్టి కూడా అనుభవం మారుతుంది. రైలు మధ్యభాగం శిఖరాన్ని దాటేటప్పుడు వేగం అన్నిటికంటె తక్కువ. ముందు వరుసవారు అప్పటికే వాలు మీద వేలాడుతూ పాతాళం వంటి లోతును చూస్తుంటారు. చివరి వరుసవారు శిఖరాన్ని చేరేసరికి ముందున్న పెట్టెలు వేగం అందుకుని ఉంటాయి. అందుచేత వారు శిఖరం మీదుగా ఒక్క కుదుపుతో కిందికి లాగబడతారు. చూసి భయపడదలచినవారు ముందు, కుదుపును కోరేవారు వెనుక కూర్చుంటారు.

వలయంలో దాగిన ప్రమాదం

మనిషిని తలకిందులు చేసే వలయం ఈ సాధనానికి మకుటం వంటిది. అందరికీ ఆశ్చర్యం కలిగించేది కూడా అదే. తలకిందులైనవారు ఎందుకు పడిపోరు? వలయం శిఖరంలో రైలు ముందుకు సూటిగా పోవాలని చూస్తుంది. ఇది జడత్వం. పట్టా దానిని కిందికి మళ్లిస్తుంది. తగినంత వేగం ఉంటే, ఆ మళ్లింపుకు భూమ్యాకర్షణ ఒక్కటే చాలదు, పట్టా కూడా నెట్టవలసి వస్తుంది. అందువల్ల ప్రయాణికుడు తలకిందులుగా ఉన్నా కుర్చీకే అదిమి ఉంటాడు. నీళ్లున్న చెంబును వేగంగా గుండ్రంగా తిప్పితే చుక్క కూడా ఒలకకపోవడానికి కారణం ఇదే.

ఐతే ఈ వేగమే కింద ప్రమాదం తెచ్చిపెడుతుంది. 1895లో లీనా బీచర్ అనే ఇంజనీరు కోనీ ఐలాండ్‌లో ‘ఫ్లిప్ ఫ్లాప్’ అనే వలయాన్ని ప్రవేశపెట్టాడు. అది సుమారు ఏడున్నర మీటర్ల వ్యాసం గల సంపూర్ణ వృత్తం. చూడడానికి అందమైన ఆకారమే. కాని ఎక్కినవారికి మెడనొప్పులు పట్టుకున్నాయి. జనం దూరమయ్యారు. కొద్ది సంవత్సరాలకే అది మూతపడింది. లోపం పట్టాలలో లేదు, చక్రాలలో లేదు. లోపం వృత్తంలోనే ఉంది.

లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. 8 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తాకార వలయాన్ని ఊహిద్దాం. దాని ఎత్తు 16 మీటర్లు. శిఖరంలో రైలు పట్టాకు అంటి ఉండాలంటే అక్కడ సెకనుకు కనీసం 9 మీటర్ల వేగం కావాలి. ఆ శిఖరాన్ని ఆ వేగంతో చేరాలంటే అడుగున సెకనుకు 20 మీటర్ల వేగంతో ప్రవేశించాలి. ఆ వేగంతో 8 మీటర్ల వ్యాసార్ధంలో మలుపు తిరిగినప్పుడు కుర్చీ ఒత్తిడి మామూలు బరువుకు ఆరింతలవుతుంది. 60 కిలోల మనిషి 360 కిలోల మనిషి అవుతాడు. అతని తల కూడా ఆరింతల బరువై మెడమీద కూర్చుంటుంది. వృత్తం చిన్నదైనా పెద్దదైనా ఈ ఆరింతలు మారవు. పైగా ఇది కనీస వేగానికి వేసిన లెక్క. అంతకంటె వేగంగా వస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఒత్తిడి మితిమీరి కొంతసేపు కొనసాగితే రక్తం తలనుంచి కాళ్లవైపు దిగి, చూపు మసకబారి స్పృహ తప్పవచ్చు.

వృత్తానికి మరొక దోషం ఉంది. సూటిగా వస్తున్న రైలు వృత్తంలో ప్రవేశించిన క్షణంలోనే ఒత్తిడి ఒక్కసారిగా పైబడుతుంది. శరీరం సిద్ధమయ్యే వ్యవధి ఉండదు.

1901లో ఎడ్విన్ ప్రెస్కాట్ అనే నిర్మాత వలయాన్ని అండాకారంలోకి మార్చి కొంత మేలు సాధించాడు. సమస్యకు స్థిరమైన పరిష్కారం 1976లో లభించింది. జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్, నిర్మాత ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ కలిసి కాలిఫోర్నియాలోని ఒక ఉద్యానవనంలో ‘రెవల్యూషన్’ అనే రోలర్ కోస్టర్‌ను నిర్మించారు. దాని వలయం తలకిందులైన నీటిబొట్టు ఆకారాన్ని పోలింది. దాని వంపు అడుగున విశాలంగా ఉండి పైకి పోయినకొద్దీ ఇరుకవుతుంది. ఈ వంపును క్లోథాయిడ్ అంటారు. సమవేగంతో పోతున్న కారులో స్టీరింగును ఒకే తీరున నెమ్మదిగా తిప్పుతూ పోతే కారు గీసే బాట ఇటువంటిదే. రైలు మార్గాలలో, రహదారులలో సూటి బాటను మలుపుతో కలిపేచోట కూడా ఇటువంటి వంపునే వాడతారు.

దీనివల్ల కలిగే మేలును మునుపటి లెక్కతోనే చూడవచ్చు. వలయం ఎత్తు అదే 16 మీటర్లు, ప్రవేశవేగం అదే 20 మీటర్లు. అడుగున వంపు వ్యాసార్ధం 8 మీటర్లకు బదులు 20 మీటర్లు. అక్కడి ఒత్తిడి ఆరింతల నుంచి మూడింతలకు దిగుతుంది. శిఖరంలో వ్యాసార్ధాన్ని 5 మీటర్లకు తగ్గిస్తే, అదే 9 మీటర్ల వేగంతోనే ప్రయాణికుడు తన బరువులో సగానికి మించిన బలంతో కుర్చీకి అదిమి ఉంటాడు. వేగం ఎక్కువగా ఉన్నచోట విశాలమైన వంపు, వేగం తక్కువగా ఉన్నచోట ఇరుకైన వంపు. ఈ ఒక్క సూత్రం వలయాన్ని మనిషి శరీరానికి అనుకూలంగా మార్చింది.

కనిపించని కాపలాదారులు

కొండ ఎక్కేటప్పుడు ‘టకటక’మని ఒక శబ్దం వినిపిస్తుంది. కొత్తవారు దానికి భయపడతారు. నిజానికి అది అభయమిచ్చే శబ్దం. పట్టా నడుమ రంపపు పళ్ల వంటి ఉక్కుపట్టీ ఉంటుంది. రైలు అడుగున ఉన్న కొక్కెం ఒక్కొక్క పంటిమీదుగా ముందుకు పడుతూ పోతుంది. గొలుసు తెగినా కొక్కెం పంటికి తగులుకుని రైలును వెనక్కి జారనివ్వదు.

పూర్వం రైలు చక్రాలు పట్టాల పైభాగాన మాత్రమే ఉండేవి. వేగంగా శిఖరాన్ని దాటితే రైలు ఎగిరిపోయే ప్రమాదం ఉండేది. 1919లో జాన్ మిల్లర్ అనే అమెరికన్ నిర్మాత పట్టాల అడుగున కూడా చక్రాలను అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. నేడు చక్రాలు మూడు జట్లుగా ఉంటాయి. పైచక్రాలు బరువు మోస్తాయి. పక్కచక్రాలు దారి తప్పనివ్వవు. అడుగుచక్రాలు ఎగరనివ్వవు.

ప్రయాణం చివర రైలును ఆపేందుకు చాలాచోట్ల అయస్కాంతాలను వాడుతున్నారు. శాశ్వత అయస్కాంతాల మధ్యగా లోహపు పలక వేగంగా సాగినప్పుడు దానిలో సుడిగుండాల వంటి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. తమ పుట్టుకకు కారణమైన చలనాన్నే అవి అడ్డుకుంటాయని లెంజ్ నియమం చెబుతుంది. దీనికి బయటినుంచి కరెంటు అక్కరలేదు. ఊరంతా చీకటైనా బ్రేకు పనిచేస్తుంది. వేగం తగ్గినకొద్దీ ఈ బలమూ తగ్గుతుంది కాబట్టి పూర్తిగా నిలపడానికి మాత్రం మామూలు బ్రేకు కావాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఖండాల పద్ధతి. బాటనంతా కొన్ని ఖండాలుగా విభజిస్తారు. ఒక ఖండంలో ఒక రైలు ఉండగా మరొకదానిని అందులోకి పోనివ్వరు. ముందున్న రైలు ఖండం దాటిందని పరికరాలు తెలిపేవరకు వెనుక రైలును కంప్యూటరు ఆపి ఉంచుతుంది. రైల్వేలలో సిగ్నళ్లు చేసే పనే ఇది.

యంత్రం చెప్పినా వినని వేళ

ఇన్ని ఏర్పాట్లున్నా 2015 జూన్ 2న ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్ ఉద్యానవనంలో ‘స్మైలర్’ అనే రోలర్ కోస్టర్ మీద ప్రమాదం జరిగింది. ఆనాడు గాలి బలంగా వీస్తున్నది. పరీక్ష కోసం పంపిన ఒక ఖాళీ రైలు మధ్యలో, ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. ఎత్తు నుంచి దిగే వేగం ద్రవ్యరాశిపై ఆధారపడదన్న సూత్రానికి షరతు ఉందని ముందే చెప్పుకున్నాం. గాలి అడ్డగింపు రైలు ఆకారాన్నీ వేగాన్నీ బట్టి ఉంటుందే తప్ప బరువును బట్టి కాదు. అదే గాలి నిండు రైలు కంటె తేలికైన ఖాళీ రైలు వేగాన్ని ఎక్కువగా హరిస్తుంది.

ముందున్న ఖండంలో రైలు ఉందని పరికరాలు గుర్తించాయి. 16 మంది ప్రయాణికులున్న రైలును కంప్యూటరు ఆపింది. యంత్రం తన ధర్మాన్ని తాను నెరవేర్చింది. ఐతే బాటమీద రైలు ఆగి ఉన్నదని తెలియని సిబ్బంది, యంత్రమే పొరపాటు పడిందని భావించి, ఆ నిరోధాన్ని తొలగించి రైలును ముందుకు పంపారు. అది ఆగి ఉన్న ఖాళీ రైలును ఢీకొన్నది. ప్రయాణికులు గాయపడ్డారు. ఇద్దరు యువతులు ఒక్కొక్క కాలు కోల్పోయారు. విచారణలో రైలులో గాని పట్టాలలో గాని యాంత్రిక లోపం కనిపించలేదు. సిబ్బందికి స్పష్టమైన పని పద్ధతిని ఏర్పరచకపోవడమే అసలు లోపమని తేలింది. 2016లో న్యాయస్థానం నిర్వాహక సంస్థకు 50 లక్షల పౌండ్ల జరిమానా విధించింది.

ఫ్లిప్ ఫ్లాప్‌లో మనుషులు గాయపడినప్పుడు లెక్క తప్పింది. స్మైలర్‌లో లెక్క తప్పలేదు. లెక్క చెప్పిన మాటను వినవలసినవారు వినలేదు. మొదటి దోషాన్ని క్లోథాయిడ్ వంపు సరిదిద్దింది. రెండవ దోషాన్ని ఏ వంపూ సరిదిద్దలేదు. ప్రతి ఉదయం బాటను పరీక్షించడం, నియమాన్ని తొందరలో దాటకుండా ఉండడం, అనుమానం కలిగినప్పుడు స్వయంగా వెళ్లి కంటితో చూసుకోవడం మాత్రమే దానికి మందు.

ముగింపు

నాటకశాలలో ప్రేక్షకుడు నిశ్చింతగా భయాన్ని ఆస్వాదిస్తాడు. రంగస్థలం మీది కత్తి తనను తాకదని అతనికి తెలుసు. రోలర్ కోస్టర్ ఎక్కినవాని వేగం మాత్రం నిజమైనది. ఎత్తు నిజమైనది. శరీరం మీద పడే బలం నిజమైనది. వాటిని హద్దులో ఉంచే లెక్క, ఆ లెక్కను నమ్మి నడిపే చేతులు ఉన్నంతవరకే ఆ భయం రసంగా మిగులుతుంది. కేకలు వేస్తూ కొండదిగే యువకునికి తన వెనుక ఎందరి శ్రమ, ఎన్ని తరాల అనుభవం ఉన్నాయో ఆ క్షణంలో గుర్తుండదు. గుర్తుండవలసింది ఆ బాటను నిర్మించేవారికి, నడిపేవారికి. నేటి విద్యార్థులలో రేపు అటువంటి స్థానాలలో నిలిచేవారు ఎందరో ఉంటారు.

కఠిన పదాలకు అర్థాలు

ఆస్వాదయోగ్యం = రుచి చూడదగినది, ఆనందించదగినది
స్థాయీభావం = రసానికి మూలమై మనసులో స్థిరంగా ఉండే భావం
అనుభవైకవేద్యం = అనుభవం వల్ల మాత్రమే తెలియదగినది
జడత్వం = ఉన్న స్థితిని మార్చుకోని వస్తు స్వభావం
అభికేంద్ర బలం = వంపు కేంద్రం వైపు పనిచేసే బలం
పరావలయం = విసిరిన వస్తువు గాలిలో గీసే వంపు
మకుటం = కిరీటం
నిరోధం = అడ్డు, ఆటంకం

వ్యాకరణాంశాలు

మహోత్సాహం = మహా + ఉత్సాహం – గుణసంధి
అత్యున్నతం = అతి + ఉన్నతం – యణాదేశ సంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
ఎత్తుపల్లాలు = ఎత్తును, పల్లమును – ద్వంద్వ సమాసం
ప్రాణరక్షణ = ప్రాణముల యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రోలర్ కోస్టర్ ప్రయాణంలో శక్తి రూపాంతరం చెందే తీరును వివరించండి.
2. వృత్తాకార వలయంలోని దోషాలేమిటి? వాటిని క్లోథాయిడ్ వంపు ఎట్లా తొలగించింది?
3. ‘లెక్క ఒక్కటే ప్రాణాలను కాపాడలేదు’ – పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. శిఖరాన్ని దాటేటప్పుడు బరువు లేనట్లు ఎందుకు అనిపిస్తుంది?
2. మూడు జట్ల చక్రాల ఉపయోగాలను తెలపండి.
3. ఖండాల పద్ధతి అంటే ఏమిటి?
4. గాలి వీస్తున్నప్పుడు నిండు రైలు కంటె ఖాళీ రైలు త్వరగా వేగం కోల్పోవడానికి కారణమేమిటి?

ఇ) ఏకపద లేదా ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. భయానక రసానికి స్థాయీభావం ఏది?
2. రష్యన్లు రోలర్ కోస్టర్‌ను ఏ పేరుతో పిలుస్తారు?
3. ఎత్తు నాలుగింతలైతే దిగువన వేగం ఎన్ని రెట్లు అవుతుంది?
4. పట్టాల అడుగున చక్రాలను అమర్చే పద్ధతికి 1919లో పేటెంటు పొందినది ఎవరు?